పోలీసు శాఖలో ఎల్‌జీబీటీ హక్కుల కోసం పనిచేయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పోలీసు ఉద్యోగంలో ఉన్న, ఆ ఉద్యోగం కోరుకుంటున్న స్వలింగ ప్రేమికుల తరఫున, ట్రాన్స్‌జెండర్ల తరఫున న్యాయవాదిగా నిలబడాలనుకుంటున్నట్టు రాశావు. ఎన్నో ఏళ్లు పోలీసుల సర్వీసు కేసులు నడిపినవాడిగా నాకెంతో సంతోషం కలిగింది. ఆ శాఖ రాతపూర్వకమైన ఉత్తర్వు మీద నడుస్తుంది. పై అధికారి మంచితనం వల్ల దొరికిన సౌకర్యం ఆయన బదిలీతోనే పోవచ్చు. నిబంధనల్లోకి ఎక్కిన హక్కు అధికారి మారినా నిలుస్తుంది. కాబట్టి నీ శ్రమలో అధిక భాగం నిబంధనలు మార్పించడానికే వెచ్చించు.

తమిళనాడులో జరిగినది చూడు. తల్లిదండ్రుల ఫిర్యాదులతో పోలీసులు వెంటపడుతుంటే రక్షణ కోరిన ఇద్దరు యువతుల కేసులో 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ విస్తృతమైన ఆదేశాలిచ్చారు. ఆ కేసు కొనసాగుతుండగానే, 2022లో, అక్కడి సబార్డినేట్ పోలీసు అధికారుల ప్రవర్తనా నియమావళిలో 24-సి నిబంధన చేరింది. ఎల్‌జీబీటీ వర్గానికి చెందిన ఏ వ్యక్తినీ, వారి సంక్షేమం కోసం పనిచేసేవారినీ పోలీసు అధికారి వేధించరాదని దాని సారాంశం. పౌరుల రక్షణ కోసం వచ్చిన నిబంధనే అయినా, ఆ ‘ఏ వ్యక్తి’లో యూనిఫాం వేసుకున్న సహోద్యోగి కూడా ఉన్నారని గట్టిగా వాదించవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ అటువంటి వాక్యం కోసమే పట్టుబట్టాలని నా అభిప్రాయం.

నియామకాల విషయంలో దరఖాస్తులో ట్రాన్స్‌జెండర్ అని గుర్తుపెట్టే గడి వచ్చిందని తృప్తిపడి ఆగవద్దు. తమిళనాడులో ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రితికా యాషిని దరఖాస్తు చేసినప్పుడు ఆమెకు తగిన గడి లేదు. 2015 నవంబరులో మద్రాసు హైకోర్టు తీర్పు వచ్చాకే ఎస్సై ఉద్యోగానికి దారి తెరుచుకుంది. గడి తర్వాత దేహదారుఢ్య పరీక్షలు వస్తాయి: పరుగు ఏ కొలమానంతో, ఎత్తు ఎవరి ప్రమాణంతో, కొలతలు తీసేది ఎవరు అన్నవి నోటిఫికేషన్‌లో ముందే తేలకపోతే అభ్యర్థి మైదానంలో అందరి ముందూ అవమానపడవలసి వస్తుంది. 2022 డిసెంబరులో బాంబే హైకోర్టు మహారాష్ట్ర ప్రభుత్వాన్ని దరఖాస్తులో గడి చేర్చమనడంతో సరిపెట్టక, ఈ పరీక్షల నియమాలు కూడా రూపొందించమన్నది అందుకే. ఆ తర్వాత వైద్య పరీక్ష ఉంటుంది. రాజస్థాన్‌లో ట్రాన్స్‌జెండర్ అయిన గంగా కుమారి కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాక వైద్య పరీక్ష దగ్గరే నియామకం ఆగిపోయి, 2017లో హైకోర్టు ఆదేశిస్తే గాని ముందుకు సాగలేదు. ఛత్తీస్‌గఢ్ 2021లో 13 మంది ట్రాన్స్‌జెండర్లను కానిస్టేబుళ్లుగా ఎంపిక చేసింది. 2024 చివర హైదరాబాద్‌లో 39 మందిని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకోవడం ఆనందించదగిన ఆరంభమే గాని, అది రెగ్యులర్ కానిస్టేబుల్ ఉద్యోగానికి సమానం కాదన్న మాట అడిగిన చోటల్లా చెప్పు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసినది నీ దగ్గరికి వచ్చే మనిషి రహస్యం విషయంలో. ఉత్తరప్రదేశ్‌లో ఒక హోంగార్డును, తన భాగస్వామితో ఉన్న వీడియో బయటపడిందని 2019లో తొలగించారు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూడరాదన్న 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆధారంగా 2021 ఫిబ్రవరిలో అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఉద్యోగం తిరిగి రావచ్చు గాని, బయటపడిన సంగతిని మళ్లీ దాచడం ఏ కోర్టుకూ సాధ్యం కాదు. తన గురించి ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది పూర్తిగా ఆ వ్యక్తి ఇష్టం. కేసు ఎంత బలమైనదైనా ఆ ఇష్టానికి లోబడే నడుచుకో; అవసరమైతే పిటిషనర్ పేరు గోప్యంగా ఉంచమని కోర్టును మొదటి రోజే కోరు.

ఇంకొకటి ఉందమ్మా. పోలీసు బలగాల హక్కుల పరిమితికి 1966లో వచ్చిన చట్టం ప్రకారం, సర్వీసులో ఉన్నవారు అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడడం మీద, శాఖ గుర్తించని సంఘాల్లో చేరడం మీద ఆంక్షలున్నాయి. నీ ఉత్సాహంలో వారిని వేదిక ఎక్కిస్తే ఛార్జిమెమో, అంటే శాఖాపరమైన ఆరోపణల నోటీసు, వచ్చేది వారికే. వారి చేత ప్రాపర్ ఛానల్‌లో, అంటే పై అధికారుల ద్వారా, రిప్రజెంటేషన్ (వినతిపత్రం) పెట్టించి, బహిరంగంగా మాట్లాడవలసిన మాటలు నువ్వు మాట్లాడు.

2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టంలోని 9వ సెక్షన్ ఉద్యోగంలో వివక్షను నిషేధిస్తుంది. 11వ సెక్షన్ ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల అధికారిని నియమించాలంటుంది. గే, లెస్బియన్ ఉద్యోగులకు ఆ చట్టం అక్కరకు రాదు గనుక వారి కోసం రాజ్యాంగంలో సమానత్వం, వివక్ష నిషేధం, జీవించే హక్కు గురించి చెప్పే 14, 15, 21 అధికరణాల మీదే ఆధారపడాలి.

ముందుగా రెండు రాష్ట్రాల్లోని కమిషనరేట్లకు, జిల్లా ఎస్పీ కార్యాలయాలకు ఆర్టీఐ దరఖాస్తులు పెట్టి, 11వ సెక్షన్ కింద అధికారిని నియమించారా, నియమిస్తే ఉత్తర్వు నకలు ఇవ్వగలరా అని అడుగు. ముప్పై రోజుల్లో రావలసిన ఆ జవాబులే హైకోర్టులో నీ మొదటి రిట్ పిటిషన్‌కు ఆధారాలవుతాయి. దరఖాస్తు ముసాయిదా నాకు పంపు, చూసి సరిచేసి పెడతాను.