సైకాలజీ, సోషియాలజీ రెండూ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా ఏం పట్టుకోవాలి?

డిగ్రీ మొదటి ఏడాదిలో రెండు సబ్జెక్టులూ ఒకేసారి వచ్చాయని, రెండూ మనుషుల గురించే కావడంతో తేడా అంతుపట్టడం లేదని, పేర్లూ సంవత్సరాలూ బట్టీ పట్టలేక టెన్షన్ పడుతున్నానని రాశారు. నేను బి.ఎడ్.లో సైకాలజీ చదివాను, తర్వాత దూరవిద్యలో ఎం.ఏ. సోషియాలజీ చేశాను. ఇప్పుడు పత్తి బాగా పండే ప్రాంతంలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. కాబట్టి నాకు అలవాటైన దారిలోనే చెబుతాను.

ఏదో ఒక మామూలు విషయం తీసుకోండి. మా బళ్లో పత్తి ఏరే కాలం మొదలవగానే ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిల హాజరు పడిపోతుంది. స్టాఫ్ రూములో ఠక్కున వినిపించే మాట, "దానికి చదువు మీద శ్రద్ధ లేదండీ". సైకాలజీలో ఈ మాటకే ఒక చాప్టర్ ఉంది. ఎదుటివాళ్లు చేసిన పనికి కారణం వాళ్ల స్వభావంలోనే ఉందనుకుంటాం, వాళ్లు ఉన్న పరిస్థితిని తక్కువగా లెక్కేస్తాం. దీన్నే సైకాలజిస్టు లీ రాస్ 1977లో మౌలిక ఆపాదన దోషం అన్నాడు. అదే మనం ఆలస్యంగా వస్తే మాత్రం బస్సు రాలేదంటాం.

సోషియాలజీ ఆ ఒక్క అమ్మాయి దగ్గర ఆగదు, హాజరు పట్టీ మొత్తం తిరగేస్తుంది. ప్రతి ఏడాదీ ఆ నెలల్లోనే ఎందుకు? అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువగా ఎందుకు? కూలీలను పెట్టుకునే స్తోమత లేని ఇళ్ల పిల్లలే ఎందుకు? ఇక్కడి నుంచి లింగ పాత్రలు, కుటుంబ శ్రమ, వర్గం అనే భావనలు వాటంతట అవే వచ్చేస్తాయి. అమెరికన్ సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్ 1959లో చెప్పిన ఉదాహరణ ఇలాంటిదే. లక్ష మంది ఉన్న ఊళ్లో ఒక్కడికి పని లేకపోతే అది అతని సొంత కష్టం, అతని నైపుణ్యం ఏమిటో చూస్తాం. 5 కోట్ల మంది పనిచేసే దేశంలో 1.5 కోట్ల మందికి పని లేకపోతే అది సమాజం సమస్య, ఒక్కొక్కరి స్వభావాన్నీ తవ్వితే జవాబు దొరకదు. సోషియాలజీ నోట్సులో మొదటి పేజీలో రాసుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

ఫ్రెంచ్ సోషియాలజిస్టు డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యల మీద చేసిన అధ్యయనం చాలామంది విద్యార్థులకు కొరకరాని కొయ్య. ఆయన చెప్పిన నాలుగు రకాల ఆత్మహత్యల పేర్లు బట్టీ పడతారు, అసలు సంగతి జారిపోతుంది. ఆయన చూసింది రేటును, అంటే జనాభాలో ఇంతమందికి ఎన్ని ఆత్మహత్యలు అన్న లెక్కను. ప్రతి మరణం వెనకా ఉన్న కథ వేరు, అయినా ఒక దేశంలో ఆ రేటు ఏటికేడు పెద్దగా మారడం లేదు. కాథలిక్కుల్లో కంటే ప్రొటెస్టెంట్లలో, పెళ్లయినవాళ్లలో కంటే కానివాళ్లలో ఎక్కువగా ఉంది. వ్యక్తులు మారినా రేటు నిలబడిందంటే దానికి కారణం వ్యక్తుల బయట ఎక్కడో ఉండాలి. ఇలా బయట నుంచి మన మీద పనిచేసే వాటినే ఆయన సామాజిక వాస్తవాలు అన్నాడు. ఈ వాదన పట్టుబడితే నాలుగు రకాలూ ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి.

ఇక సైకాలజీలో అందరూ తడబడేది ఋణాత్మక పునర్బలనం (నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్) దగ్గర. దాన్ని శిక్ష అనుకుంటారు. టెట్, డీఎస్సీ పేపర్లు రాసేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ కిరాణా కొట్టు ముందు జరిగేదే. పిల్లవాడు చాక్లెట్ కోసం కింద పడి ఏడుస్తాడు. నలుగురూ చూస్తున్నారని తల్లి కొనిస్తుంది. ఏడిస్తే చాక్లెట్ వచ్చింది కాబట్టి పిల్లవాడి ఏడుపు బలపడింది, అది ధనాత్మక పునర్బలనం. కొనివ్వగానే ఏడుపు ఆగింది కాబట్టి తల్లికి కొనిచ్చే అలవాటు బలపడింది, అది ఋణాత్మక పునర్బలనం. ఇబ్బంది పెట్టేది తొలగిపోవడం వల్ల ప్రవర్తన పెరిగితే ఋణాత్మక పునర్బలనం, ఏం చేసినా ప్రవర్తన తగ్గితేనే శిక్ష. ప్రశ్నలో ముందు "ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా" అని చూడండి, సగం తప్పులు అక్కడే పోతాయి. తిండికి ముందు వినిపించే శబ్దానికే చొంగ కార్చడం నేర్చుకున్న పావ్‌లోవ్ కుక్క గురించి ఎక్కువ చెప్పను, అది మీకు ఎలాగూ వచ్చే ఉంటుంది. ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది మాత్రం జీర్ణక్రియ పరిశోధనకు, బిట్ పేపర్లో దీన్ని తిప్పి అడుగుతుంటారు.

రెండు సబ్జెక్టులూ ఒకే చోట కలిసే భావన కావాలంటే, తనను తానే నిజం చేసుకునే జోస్యం. దీన్ని సోషియాలజిస్టు మెర్టన్ 1948లో బ్యాంకు ఉదాహరణతో చెప్పాడు. బాగా నడుస్తున్న బ్యాంకు మునిగిపోతోందని పుకారు పుడుతుంది, జనం పరిగెత్తుకెళ్లి డబ్బు తీసేసుకుంటారు, బ్యాంకు నిజంగానే మునుగుతుంది. రోసెంతాల్, జేకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే తరగతి గదిలోకి తెచ్చారు. 1968లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో, లాటరీ వేసినట్టు ఎంచిన కొందరు పిల్లల పేర్లు టీచర్లకు ఇచ్చి, వీళ్లు ఈ ఏడాది బాగా ఎదుగుతారని నమ్మించారు. ఏడాది చివర ఆ పిల్లల ఐక్యూ మార్కులు మిగతావాళ్ల కంటే ఎక్కువ పెరిగాయి, అదీ ముఖ్యంగా 1, 2 తరగతుల్లో. దీని మీద విమర్శలూ గట్టిగానే వచ్చాయి, తర్వాతి పరిశోధనల్లో ప్రభావం అంత పెద్దగా కనిపించలేదు. జవాబులో ఆ ముక్క కూడా రాయండి. ఒక క్లాసులో ఒక పిల్లవాడికి "మొద్దు" అని పేరు పడితే వాడిని ప్రశ్నలు అడగడమే తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను, అందుకే ఈ భావన అంటే నాకు కాస్త పక్షపాతం.

పక్క గదిలోని మనిషికి కరెంటు షాకులు పెంచుతూ ఇమ్మని ఆజ్ఞాపించి (షాకులు నిజమైనవి కావు), ఎంతవరకు మాట వింటారో చూసిన మిల్‌గ్రామ్ ప్రయోగంలో 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లారన్న అంకె అందరికీ తెలుసు. దాని తర్వాత ఆయన పరిస్థితులు మార్చి చేసినవి ఎవరూ చదవరు. ఆజ్ఞలు ఫోన్లో ఇచ్చినప్పుడు చివరిదాకా వెళ్లినవాళ్లు బాగా తగ్గారు. పక్కన ఇద్దరు ఎదురు తిరిగితే పదో వంతే మిగిలారు. విధేయత మనిషి స్వభావంలో ఎంత, పరిస్థితిలో ఎంత అన్న ప్రశ్నకు బలమైన ఆధారం అక్కడుంది. విద్యార్థులను కాపలాదార్లుగా, ఖైదీలుగా విడగొట్టి జింబార్డో 1971లో చేసిన జైలు ప్రయోగాన్ని మాత్రం జాగ్రత్తగా వాడండి. కఠినంగా ఉండమని కాపలాదార్లకు ముందే నూరిపోసినట్టు తర్వాత బయటపడింది.

భారతీయ సోషియాలజీని చివర్లో చూద్దామని వదిలేయకండి. ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన సంస్కృతీకరణను "కింది కులాలు పై కులాల ఆచారాలు పాటించడం" అని ఒక్క వాక్యంతో ముగిస్తే మార్కులు రావు. దాంతో ఒక కులం మెట్టు మారవచ్చు, మెట్ల వరుస అలాగే ఉంటుంది. ప్రబల కులం కూడా ఆయనదే. భూమి, జనాభా, స్థానిక అధికారం ఎవరి చేతిలో ఉన్నాయో చూడమంటుంది, ఏ గ్రామ పంచాయతీకైనా పెట్టి చూడవచ్చు. మన దగ్గరి అధ్యయనం కావాలంటే ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద రాసినది ఉంది, 1955లో వచ్చింది. ఇప్పుడు నగరంలో కలిసిపోతున్న ఆ ఊరు అప్పట్లో కులవృత్తులతో, పండుగలతో ఎలా నడిచిందో అందులో దొరుకుతుంది. తెలుగువాళ్లకు పశ్చిమ దేశాల ఉదాహరణల కంటే అది తొందరగా ఎక్కుతుంది.

ఫ్రాయిడ్ మీద, మాస్లో అవసరాల పిరమిడ్ మీద వారాలు గడపకండి. పరీక్షకు కావాల్సినంత చదివి ముందుకు వెళ్లండి. ఆ మిగిలిన సమయం పరిశోధనా పద్ధతుల చాప్టర్‌కు ఇవ్వండి. అందరూ బోర్ అని దాటేసేది అదే. రెండు విషయాలు కలిసి పెరిగితే ఒకదానికి మరొకటి కారణమని తేల్చలేమన్న సంగతి, నమూనా ఎలా ఎంచుకున్నారన్న ప్రశ్న రెండు పేపర్లలోనూ పనికొస్తాయి. మీ సిలబస్‌లో యూనిట్ల పేర్లు ఇక్కడ కామెంట్లో పెడితే, ఏ క్రమంలో చదవాలో చెబుతాను.