పిల్లాడు ‘నాకు హాలు బేడ’ అంటే తప్పేముంది?

ప్రశ్న: మాది బళ్లారి. ఐదేళ్ల కిందట పెళ్లయి అనంతపురం వచ్చాను. పుట్టింట్లో కన్నడం, అత్తగారింట్లో తెలుగు. బాబుకు మూడేళ్ల రెండు నెలలు. పుట్టినప్పటి నుంచీ వాడితో కన్నడమే మాట్లాడాను. వాడు రెండూ కలిపేసి మా అత్తతో ‘జేజీ, నాకు హాలు బేడ’ (పాలు వద్దు) అంటాడు. ‘పిల్లోనికి ఒక బాసన్నా సక్కంగా రానీమ్మా’ అని మా అత్త రోజూ సాధిస్తుంది. ప్లేస్కూల్లో చేరిస్తే అక్కడి టీచరు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలి, లేకుంటే వెనకబడతాడు అంది. మా ఆయనకు గుంతకల్లులో ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కితే మళ్లీ రాత్రికే. ‘మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చుకోండి’ అంటారు. మూడు నెలలుగా కన్నడం మానేశాను. ఇప్పుడు మా అమ్మ వీడియో కాల్ చేస్తే వాడు నా కొంగు వెనక దాక్కుంటాడు. ఈమధ్య పిలిచినా పలకడు, జలుబు చేస్తే చెవి నొప్పంటాడు, అది వేరే సంగతి. నేను తప్పు చేశానా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: కన్నడం మాట్లాడి మీరు ఏ తప్పూ చేయలేదమ్మా. మానేసి మూడు నెలలే కదా, రేపు పొద్దున వాడికి నీళ్లు పోసేటప్పుడు మళ్లీ మొదలుపెట్టండి.

ముందు వాడి మాటనే విప్పి చూద్దాం. ‘నాకు హాలు బేడ.’ ‘నాకు’ తెలుగు, మిగిలిన రెండూ కన్నడం. కానీ ఏ మాట ముందు రావాలో, ఏది చివర రావాలో వాడికి ఎంత బాగా తెలుసో చూడండి. కన్నడంలో అయినా ‘ననగె హాలు బేడ’ అనే కదా అంటారు. రెండు భాషల కట్టు ఒకటే కాబట్టి, చేతికి ముందు ఏ మాట అందితే దాన్ని పెట్టి వాక్యం పూర్తి చేశాడు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలంతా చేసే పనే ఇది. మన పెద్దవాళ్లం ‘బస్సు మిస్సయింది, ఆటోలో వచ్చినా’ అంటాం, మనల్ని ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకుపోరు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. ఒక్కో భాషలో విడివిడిగా లెక్కపెడితే మాటలు తక్కువగా కనిపిస్తాయి, అంతే. నోట్‌బుక్కులో మూడు రోజులు వాడి మాటలన్నీ, తెలుగూ కన్నడం కలిపి రాయండి. ఆ లెక్క చూస్తే మీకే ధైర్యం వస్తుంది.

నేను పెరిగింది రాయదుర్గంలో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. గీత మారింది గానీ వీధిలో మాట మారలేదు. మా వీధిలో బేరం తెలుగులో, తిట్టు కన్నడంలో. బళ్లారి రాఘవ 1880లో పుట్టింది మన తాడిపత్రిలోనే. వకీలు పని చేసుకుంటూ తెలుగులోనూ కన్నడంలోనూ వేషాలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆయన నాలుక తికమకపడిందని నేనైతే వినలేదు.

మీ ఇంట్లో ఉన్న రెండు భాషలూ ఒక తల్లి బిడ్డల్లాంటివి. దాన్ని ఆటగా వాడుకోండి. తెలుగులో ‘ప’తో మొదలయ్యే చాలా పాత మాటలు కన్నడంలో ‘హ’ అవుతాయి: పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పాము హావు, పండు హణ్ణు. ‘జేజి పులి అంటుంది, అమ్మ ఏమంటుంది?’ అని అడిగి చూడండి. మూడేళ్ల వాడికి ఇంతకంటే మంచి పొడుపుకథ ఉండదు. కానీ చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదీ, కన్నడంలో చెప్పు’ అని నలుగురి ముందు నిలబెట్టొద్దు. అలా అడిగితే నాకే నోరు రాదు.

తప్పు దిద్దే పద్ధతి కూడా ఒకటుంది. వాడు జేజితో ‘హాలు బేడ’ అంటే ఆమె ‘పాలొద్దా నాయనా? సరే, నీళ్లు తాగుతావా?’ అంటే చాలు. సరైన మాట వాడి చెవిన పడుతుంది, ‘అట్ల అనకూడదు’ అన్న దెబ్బ పడదు.

‘ఒకరికి ఒక భాష’ అనే పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. జూల్ రోంజా అనే ఫ్రెంచి భాషావేత్త తన కొడుకును అలాగే పెంచాడు. తాను ఫ్రెంచి, భార్య జర్మను. బిడ్డకు రెండూ వచ్చాయని 1913లో రాశాడు. మంచి దారే, కానీ మడిగట్టుకోవద్దు. అత్తగారు పక్కన కూర్చున్నప్పుడు ఆమెకు తెలియని మాటలో మీరు బిడ్డతో నవ్వుకుంటే ఆమెకు గుచ్చుకుంటుంది. అందరూ ఉన్నప్పుడు తెలుగు కలపండి. నీళ్లు పోయడం, ముద్ద తినిపించడం, జోకొట్టడం, ఈ మూడూ కన్నడంలో జరగనివ్వండి. రోజూ ఒకే వేళకు ఒకే మాటలు వస్తుంటే పిల్లలు వాటిని వదలరు. బిసి నీరు (వేడినీళ్లు), తణ్ణీరు (చన్నీళ్లు) అంటూ చెంబుతో పోస్తుంటే వేరే పాఠం అక్కర్లేదు.

ఫోన్లో కన్నడం పాటలు పెట్టి ఇదే చాలనుకోవద్దు. అమెరికాలో పెట్రీషియా కూల్ బృందం 2003లో ఒక పరిశోధన ప్రచురించింది. తొమ్మిది నెలల పసివాళ్లకు 12 సార్లు మాండరిన్ వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించినప్పుడు ఆ శబ్దాలు పట్టుకున్నారు. అదే మనిషిని టీవీలో చూపిస్తే ఏమీ అంటలేదు. వీడియో కాల్ దీనికంటే నయం, అవతలి మనిషి బదులిస్తుంది కాబట్టి. మీ అమ్మ కాల్ చేసినప్పుడు ‘అజ్జికి హాయ్ చెప్పు’ అని తోయకండి. వాడు తింటుండగా ఫోన్ను చెంబుకు ఆనించి పెట్టి మీరిద్దరూ మామూలుగా మాట్లాడుకోండి. అజ్జి తన పళ్లెంలో ఉగ్గాని చూపించనీ. నాలుగో రోజుకో పదో రోజుకో వాడే తల దూర్చుతాడు. దసరా సెలవులకు వారం పది రోజులు బళ్లారిలో ఉండి రండి. పిన్ని పిల్లలతో మట్టిలో ఆడితే వచ్చే కన్నడం మీరు ఏడాదంతా చెప్పినా రాదు.

ఇంగ్లీషు సంగతి. టీచరు మంచి మనసుతోనే చెప్పి ఉంటుంది, నేను మాత్రం ఒప్పుకోను. మనం ఇంట్లో తెచ్చిపెట్టుకుని మాట్లాడే ఇంగ్లీషంతా ‘కమ్ హియర్, సిట్ డౌన్, డోంట్ టచ్’. అన్నీ ఆజ్ఞలే. మీ నాన్న చిన్నప్పుడు చెరువులో పడ్డ కథ ఆ ఇంగ్లీషులో చెప్పగలరా? కథ చెప్పించుకున్న బిడ్డకు బడిలో ఏ భాషైనా త్వరగా పట్టుబడుతుంది. వీలున్న చోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటోంది. బడిలో కొన్నాళ్లు వాడు నోరు విప్పకపోయినా కంగారుపడొద్దు. కొత్త భాష మధ్యకు పోయిన పిల్లలు ముందు విని, తర్వాత మాట్లాడతారు.

ఇక మీ అత్తగారు. ఆమెకు కన్నడం మీద పగేమీ లేదు. మనవడు అమ్మ తరఫు వాడైపోతాడేమోనని లోపల ఒక బెంగ. ‘అత్తా, తెలుగు నీ పూచీ, రాత్రి కథ నువ్వే చెప్పాల’ అని అడిగి చూడండి. చెడగొడుతున్నావన్న మనిషికి పని అప్పగిస్తే గొంతు మారడం నేను చాలా ఇళ్లలో చూశాను. కథ అయ్యాక జోకొట్టడం మీరు. ‘తేల్చుకోండి’ అంటున్న మీ ఆయన మీద మాత్రం నాకు కోపంగానే ఉంది. ఆయన అమ్మ, ఆయన భార్య, ఆయన కొడుకు. గుంతకల్లు రైల్లో కూర్చుని ఇది చదవమనండి. ఆదివారం భోజనాల దగ్గర ‘అమ్మా, వాడికి రెండూ రానీ’ అని ఒక్కసారి ఆయన అంటే మీరు నెలంతా వాదించక్కర్లేదు.

చివరిది, మీరు ‘వేరే సంగతి’ అని దాటేసింది. పిలిచినా పలకకపోవడం, జలుబు చేస్తే చెవి నొప్పి, ఈ రెండూ కలిస్తే నేను వదలను. జలుబు తగ్గాక కూడా కర్ణభేరి వెనక నీరు నిలవచ్చు. అప్పుడు బిడ్డకు నీళ్లలో మునిగి విన్నట్టు ఉంటుంది, పిలుపులు సగమే చేరతాయి. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, కొందరికి వైద్యం కావాలి. వాడి వెనక నిలబడి, ముఖం కనబడకుండా, మెల్లగా ‘బా ఇల్లి’ అనండి. కాసేపాగి జేజి చేత ‘ఇట్రా’ అనిపించండి. రెండుసార్లూ తిరగకపోయినా, ఒకసారి తిరిగి ఒకసారి తిరగకపోయినా, ఈ వారమే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. రిపోర్టులో ఏముందో నాకు రాయండి.