ఆరు కంప్యూటర్లు, ముప్పై ఆరు మంది పిల్లలు

ప్రశ్న: మా ప్రభుత్వ హైస్కూల్లో పనిచేసేవి ఆరు పాత కంప్యూటర్లే, ర్యామ్ 2 జీబీ. ఇంటర్నెట్ లేదు. ఎనిమిదో తరగతిలో 36 మంది. ప్రోగ్రామింగ్ నేర్పడం కుదురుతుందా?
– గణితం టీచరు

జవాబు: తప్పకుండా కుదురుతుందండీ. 18 మందిని ముగ్గురేసి చొప్పున కంప్యూటర్ల దగ్గర కూర్చోబెట్టండి. ఒకరు మౌస్ పట్టుకోవాలి, ఒకరు తర్వాతి అడుగు చెప్పాలి, ఒకరు నోట్సులో రాయాలి. పది నిమిషాలకోసారి మార్చి తీరాలి. లేకపోతే చొరవున్న పిల్లాడే మౌస్ వదలడు, ఆడపిల్లలు వెనక నిలబడిపోతారు. అది మాత్రం జరగనివ్వకండి.

బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు చేసే పిల్లల సాఫ్ట్‌వేర్ స్క్రాచ్. దాని మూడో వెర్షన్ స్క్రాచ్ 3 ఈ ర్యామ్ మీద నత్తనడక నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పాత వెర్షన్ స్క్రాచ్ 1.4 తెచ్చి వేయండి. అందులో చేసిన ప్రాజెక్టులు తర్వాత స్క్రాచ్ 3లోనూ తెరుచుకుంటాయి. 3లో చేసినవి 1.4లో తెరుచుకోవు.

మిగతా 18 మందికి బైనరీ, అంటే కంప్యూటర్ వాడే 0, 1 అంకెల లెక్క, నేర్పడానికి అట్టముక్కలు చాలు. ఐదు అట్టల మీద 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టి ఐదుగురిని తరగతి వైపు తిరిగి నిలబెట్టండి. 13 కావాలంటే 8, 4, 1 అట్టలు చూపాలి, మిగతావి తిప్పేయాలి. చూపిన అట్ట 1, తిప్పేసింది 0: 01101. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 16 పట్టుకున్నవారు తమ ఎడమకు నిలబడితే చూసేవారికి కుడివైపు కనిపించి అంకె తారుమారవుతుంది. 16 చూసేవారికి ఎడమవైపే ఉండాలి.

కంప్యూటర్ ఆపి వేసిన ప్రతిసారీ తేదీ పాతదైపోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి.