స్టవ్వు తీసేయండి, బరకం పెట్టుకోండి

రాజమండ్రి నుంచి అంతర్వేదికి గేర్లు లేని సైకిల్ మీద, 3 రోజులు, 2,000 రూపాయల్లో వెళ్లిరావాలని, సామానేమో 18 కిలోలు తూగిందని రాశారు కదండీ. ముందు ఆ స్టవ్వు, బియ్యం, గిన్నెలు ఇంట్లో దించేయండి. కోనసీమలో ఊరూరా టిఫిన్ బండి ఉంటుంది, వంట దేనికి?

టెంటు కొనక్కర్లేదు. ఒక బరకం (టార్పాలిన్ పట్టా), ఒంటి మనిషి దోమతెర, నాలుగు మూరల తాడు చాలు. దోమతెర మాత్రం మర్చిపోకండి, కాలవ గట్ల దగ్గర దోమలు నిద్రపోనివ్వవు. పడక కొబ్బరిచెట్టు కింద వేయొద్దు. కాయే కాదు, మట్ట రాలినా తల పగులుతుంది. నేనొకసారి గట్టు మీద గడ్డిలో పడుకుని, రాత్రంతా పాముల టెన్షన్‌తో కూర్చునే ఉన్నాను. చీకటి పడకముందే గుడి దగ్గరో బడి దగ్గరో అడిగి, అరుగు మీద పడుకోవడం మేలు. అంతర్వేదిలో సత్రాలున్నాయి, కానీ భీష్మ ఏకాదశి ముందురోజు రాత్రి జరిగే స్వామి కల్యాణం రోజుల్లో వెళ్తే చోటు దొరకదు.

సామాను వీపుకి తగిలించుకోకండి. క్యారియర్‌కి రెండు పక్కలా సంచులు వేసి, పాత ట్యూబు ముక్కలతో బిగించండి. స్పేర్ ట్యూబు, పంపు, ప్యాచీలు, స్పానర్ పైనే ఉండాలి.

దారి అంతా చదునే, గేర్లు లేవని బెంగ వద్దు. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురుకొడుతుంది కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరండి. అక్టోబర్, నవంబర్ వాయుగుండాల కాలం. జనవరి అయితే హాయి, మంచుకి దుప్పటి తడుస్తుందంతే.

తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి దగ్గర సైకిల్‌తో సహా పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి, గోదావరి దాటి నరసాపురంలో దిగండి. వచ్చిన దారే మళ్లీ తొక్కక్కర్లేదు.