నూరు పెట్టెలు ఎక్కించే ముందు

తల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావట, పన్నెండు తేనెపెట్టెల్ని నూరు చేస్తున్నావట. "నీ మాటైతే వింటుంది అన్నయ్యా, వద్దని చెప్పు" అని ఏడ్చింది. వద్దని నేను చెప్పను. నాలుగో తరగతిలో నా పక్కన నిలబడి, ఈగలతో కిక్కిరిసిన తేనెపట్టు ఫ్రేములో నాకంటే ముందే రాణి ఈగను వేలెట్టి చూపించిన పిల్లవి. ఆ సంగతి ఊరంతా చెప్పుకు తిరిగాను. కానీ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను.

చిన్న సంగతులు ముందు. ఏలూరు దగ్గర విజయరాయిలో తేనెటీగల పరిశోధన కేంద్రానికి వెళ్లి మాట్లాడు. తినే సరుకు అమ్మడానికి కావాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు తీసుకో. గదులు మైనంతో మూయని ఫ్రేము జోలికి పోకు; తేమ 20 శాతం దాటితే తేనె పులుస్తుంది. వానాకాలం పూత లేనప్పుడు పంచదార పాకం పెట్టాల్సిందే, కానీ పైన సూపర్, అదే మనం తేనె తీసుకునే పై అర, ఉండగా ఒక్క చుక్క కూడా పెట్టకు. పెడితే నువ్వు అమ్మేది తేనె కాదు. ఆ పని చేసినట్టు తెలిస్తే నీ గడప తొక్కను.

అసలు సంగతి దారి. పన్నెండు పెట్టెలకు మీ నిమ్మతోట, పక్కవాళ్ల కొబ్బరి సరిపోయాయి. నూరు పెట్టెలకు చాలవు. పూత ఎక్కడుంటే అక్కడికి నువ్వే ఈగల్ని మోసుకెళ్లాలి. చలికాలం మొదట్లో అరకు వలిసెల పూతకి, తర్వాత కర్నూలు వైపు పొద్దుతిరుగుడుకి. ఏడాదిలో ఎన్నో రాత్రులు లారీలోనే. పుస్తకాల్లో ఈ రాత్రుల గురించి రెండు లైన్లుంటాయి. నాకు ఒక్క రాత్రితో అరవై నాలుగు పెట్టెల్లో నలభై ఒకటి పోయాయి.

2003 మార్చి. నంద్యాల దగ్గర పూత అయిపోయింది. సూపర్లు నిండా తేనె. అక్కడే తీసేస్తే ఇంకో రెండు రోజుల కూలీ, ఇంటికెళ్లి తీస్తే ధర కూడా బాగుంటుందని అలాగే ఎక్కించాను. చీకటి పడ్డాక, ఈగలు వచ్చిపోయే పెట్టెల గేట్లు మూశాం. పైమూతలు తీసి జాలీ బిగించమని మా కుర్రాడు అన్నాడు. ఒక్క రాత్రే కదా అన్నాను. మార్కాపురం దాటాక తెల్లవారుజామున ఇరుసు విరిగింది.

మెకానిక్ వచ్చేసరికి పదకొండు. ఆలోపే ఎండ లారీ మీదికి ఎక్కింది. పెట్టెల్లోంచి రేకుల మీద వాన పడ్డట్టు ఒకటే హోరు, అన్నీ కలిసి రెక్కలతో విసురుకుంటున్నాయి. గేట్లు తీద్దామన్నాడు కుర్రాడు. రోడ్డు పక్కన బడి ఉంది, పిల్లల్ని కుడితే ఏం చెయ్యనని భయపడ్డాను. పదిన్నరకి హోరు తగ్గింది. చల్లబడ్డాయి అనుకున్నాను తల్లీ. ఊపిరి పీల్చుకుని టీ తాగాను కూడా.

లారీ అడుగు చెక్కల సందుల్లోంచి తేనె రోడ్డు మీదికి కారుతుంటే అప్పుడు అర్థమైంది. మూత ఎత్తితే ఆవిరి మొహానికి కొట్టింది. వేడికి మైనం మెత్తబడి, తేనె బరువుకి తేనెపట్లు కూలి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈగలన్నీ నల్లగా, రెక్కలు ఒంటికి అతుక్కుపోయి, తేనెలో మునిగి ఉన్నాయి. ఒకటి నా వేలెక్కి రెక్క విదిలించుకోడానికి చూసింది. కాసేపు చూసి ఊరుకుంది. మీ అత్తయ్య గాజులు తాకట్టు పెట్టి కొన్న పెట్టెలవి.

అందుకే ఎన్నిసార్లయినా చెప్తాను. తేనె తీశాకే పెట్టె ఎక్కించు. పైన జాలీ బిగించకుండా ఒక్క పెట్టె కూడా కదలకూడదు. పొద్దు పొడవక ముందు చేరలేని దూరమైతే దారిలో ఒక తోట ముందే మాట్లాడి పెట్టుకో. లారీ ఆగిపోతే నీళ్లు చల్లు, ఊరికి దూరంగా నీడలో దింపు, గేట్లు తీసెయ్. కొన్ని ఈగలు పోతాయి, పోనీ. హోరు తగ్గిందంటే మాత్రం ఒక్క క్షణం ఆగకు.

పురుగుమందుల సంగతీ చెప్పాలి. పొలం చుట్టుపక్కల రైతులతో ముందే మాట్లాడు, పిచికారీ సాయంత్రం పొద్దుగూకాక కొట్టమని బతిమాలు. తొలి తేనె వాళ్లకి తలా ఒక సీసా ఇవ్వు. మిగతాది నీకు తెలుసు.

అప్పు మొత్తం ఒకేసారి ఎత్తకు. ఈ ఏడు నలభై పెట్టెలు చాలు. సరిగ్గా తినడం లేదని మీ అమ్మ చెప్పింది, అది కూడా చూసుకో. మొదటిసారి కర్నూలు వైపు పెట్టెలు కదిలించే రోజు నాకు ముందే చెప్పు. మోకాళ్లు నొప్పి అని ఆపొద్దు. లారీలో ముందు సీట్లో కూర్చుంటాను. నీళ్ల డబ్బాలు, జాలీలు నేనే తెస్తాను.

మీ మావయ్య