సూర్యుని మచ్చలో నీడ ఉన్నదా?

సందేహం: సూర్యుని మీది మచ్చలలో నడిమి నల్లని భాగాన్ని 'ప్రచ్ఛాయ' అనీ, దాని చుట్టూ ఉండే బూడిదరంగు పట్టీని 'ఉపఛాయ' అనీ ఒక సైన్సు వ్యాసంలో చదివాను. వెలుగుకు అడ్డు వచ్చేది ఏదీ లేని చోట నీడ ఎక్కడిది? ఈ మాటలు సరైనవేనా?

సమాధానం: మీ అనుమానం న్యాయమైనదే. అక్కడ నీడ లేదు, నీడ పడవేసే వస్తువూ లేదు. ఉన్నది అయస్కాంత క్షేత్రం. దాని బలాన్ని గాస్‌లలో కొలుస్తారు. పెద్ద మచ్చలో అది సుమారు 3000 గాస్‌లు, అంటే భూమి క్షేత్రానికి కొన్ని వేల రెట్లు. అడుగు నుండి పొంగి రావలసిన వేడి వాయువును అది అడ్డగించడం వల్ల, చుట్టూ 5800 కెల్విన్‌ల వేడి ఉండగా మచ్చ నడుమ 4000 దగ్గరికి పడిపోయి, పక్క వెలుగు ముందు నల్లగా కనబడుతుంది. మచ్చలకు అయస్కాంత లక్షణం ఉన్నదని 1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో హేల్ అనే ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టాడు. గ్రహణపు నీడకు వాడే లాటిన్ మాట 'అంబ్రా'ను పాశ్చాత్యులు మచ్చకూ అంటగట్టగా, మనవారు గ్రహణపు ప్రచ్ఛాయను అక్కడికి మోసుకుపోయారు.

ఈ ప్రచ్ఛాయ రుచి ఏమిటో కాళిదాసును అడగాలి. శాకుంతల ప్రస్తావనలో సూత్రధారుడు వేసవి పగళ్లను వర్ణిస్తూ, నీళ్లలో మునకలు హాయిగా ఉంటాయనీ, పాదిరిపూల తావి సోకిన అడవిగాలి వీస్తుందనీ చెప్పి, 'ప్రచ్ఛాయసులభనిద్రాః' అంటాడు. చిక్కని నీడలో ఇట్టే నిద్రపట్టే పగళ్లవి. 'ప్ర' అనే చిన్న ఉపసర్గ నీడకు ఎంత చిక్కదనం తెచ్చిందో చూడండి. ఎండలో వేగి వచ్చి, వేపచెట్టు కింద తువాలు పరచుకొని నడుము వాల్చినవాడికి ఈ సమాసం వ్యాఖ్యానం లేకుండానే బోధపడుతుంది. అటువంటి మాటను నాలుగువేల డిగ్రీల మంటకు పేరుగా పెడితే నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

అయితే అమరకోశం రాసిన అమరసింహుడు నా పట్టును కొంత సడలిస్తున్నాడు: 'ఛాయా సూర్యప్రియా కాంతిః ప్రతిబింబమనాతపః'. సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేకపోవడం, ఈ నాలుగూ ఛాయే. పెద్ద మచ్చ నడిమి నలుపును విడదీసి రాత్రి ఆకాశంలో నిలిపితే పున్నమి చంద్రుణ్ణి మించి వెలుగుతుంది గనుక, 'కాంతి' అనే అర్థాన్ని పట్టుకొంటే ఆ పేరును పూర్తిగా తప్పనలేము. పెట్టినవారు ఇంత ఆలోచించి పెట్టారని మాత్రం అనుకోను. రంగు అనే అర్థం మన చామనచాయలో, చాయపసుపులో ఉన్నదే.

చుట్టూ ఉన్న పట్టీ సంగతి వేరు. నడుమ నిట్టనిలువుగా ఉన్న అయస్కాంత బలరేఖలు, కట్టు బిగించిన గడ్డిమోపు తల విచ్చుకొన్నట్లు, అంచుకు పోయేకొద్దీ పక్కకు వాలిపోతాయి. నూలుపోగుల వంటి చారల వెంబడి వాయువు బయటికి పారడాన్ని 1909లో కొడైకెనాల్ వేధశాలలో ఎవర్‌షెడ్ అనే ఖగోళ శాస్త్రవేత్త గమనించాడు. దీనిని 'మచ్చ అంచు' అన్నా చాలునేమో. వాడుకలో పడిన మాటను పెకలించమని నేను పట్టుబట్టను. మీరు చదివిన 'ఉపఛాయ'ను మాత్రం సహించలేను. హ్రస్వాచ్చు తరువాత ఛకారం వచ్చినప్పుడు నడుమ చకారం ఆగమంగా వస్తుంది. పరిచ్ఛేదం, వృక్షచ్ఛాయ అని రాయగలిగిన చేతికి ఉపచ్ఛాయ బరువు కాకూడదు.