ఇద్దరికి టియర్‌డ్రాప్ క్యాంపర్: 4×8 ట్రైలరా, 5×8 ట్రైలరా?

టియర్‌డ్రాప్ క్యాంపర్ అంటే కారు వెనక లాక్కెళ్లే, కన్నీటి బొట్టు ఆకారపు చిన్న పడక బండి. దాన్ని ట్రైలర్ మీద కట్టుకునేటప్పుడు ఇద్దరు పడుకోవాలి, క్వీన్ పరుపు పట్టాలి అంటే 5×8 అడుగుల ట్రైలరే తీసుకోండి. 4×8లో ఆ పరుపు అసలు పట్టదు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. పరుపు వెడల్పు 60 అంగుళాలు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ గోడల్ని ఫ్లోర్ మీద నిలబెడితే లోపల మిగిలేది 58.5 అంగుళాలే, పరుపు అంచు గోడ వెంట పైకి లేస్తుంది. అందుకే గోడల్ని ఫ్లోర్ పక్కలకు, బయటి వైపున బిగించండి. చక్రాలు, మడ్‌గార్డులు వాటికి తగలకుండా ఎడం ఉందో లేదో ముందే కొలవండి.

పొడవు 96 అంగుళాల్లో పరుపుకే 80 పోతాయి. మిగిలిన 16 వంట అరలకు ఇరుకే. పై అరల్ని పడుకున్నవాళ్ల కాళ్ల మీదుగా లోపలికి జరపండి.

నీళ్లు, సామానుతో సహా మొత్తం బరువు యాక్సిల్ (చక్రాల ఇరుసు) సామర్థ్యం దాటకూడదు. ఆ మొత్తం బరువులో 10–15 శాతం హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం) మీద పడాలి. తగ్గితే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది, అది చాలా ప్రమాదం.